సొలాంజ్ మేడమ్, ఆమె పదిహేడుమంది

మొన్న ఇక్కడ కతార్‌లో లుసైల్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. వెనకున్న ట్రెయిలర్ డ్రైవర్ హారన్ కొట్టాడు. చెవులు చిల్లులు పడే మోత కాదు అది. కడుపులోంచి వచ్చినట్టు బొంగురుగా, లోతుగా, సీటులో కూర్చున్నవాడి వెన్నెముకను తడిమిపోయే మోత. మామూలుగా అయితే చిరాకు పడేవాణ్ణి. కానీ నా వేళ్ళు స్టీరింగ్ మీద వాటంతటవే దరువు వేయడం మొదలుపెట్టాయి. అల్ వక్రా సముద్రపు గాలి, దీపాల కింద మెరిసే ఇత్తడి వాయిద్యాలు, వాటి ముందు రెండు చేతులూ చాచి నిలబడ్డ సొలాంజ్ మేడమ్, అంతా కలిసి కారులోకి వచ్చి కూర్చున్నట్టయింది. పచ్చదీపం వెలిగినా కదలకపోయేసరికి ఆ డ్రైవర్ మళ్ళీ కొట్టాడు. ఈసారి నన్ను తిట్టడానికే.

సొలాంజ్ మేడమ్‌ది ఫ్రాన్సు. అరవై దాటిన బక్కపలచని మనిషి, పొట్టిగా కత్తిరించిన నెరసిన జుట్టు, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. పదిహేడుమంది ఉన్న జాజ్ బిగ్ బ్యాండుకు నాయకురాలు. జాజ్ అంటే పెద్ద హోటళ్ళలో భోంచేసేవాళ్ళకు తిన్నది అరగడానికి పెట్టే మెత్తటి సంగీతమని అప్పటిదాకా నా అభిప్రాయం. ఈ బ్యాండు వింటూ ఎవరూ భోంచేయలేరు. ముందు వరసలో ఐదు సాక్సఫోన్లు, వాటి వెనక నాలుగు ట్రాంబోన్లు, ఆ వెనక ఎత్తు మీద నాలుగు ట్రంపెట్లు, ఒక పక్కన పియానో, గిటారు, మనిషంత ఎత్తు బాస్, డ్రమ్ములు. అందరూ ఒక్కసారి అందుకున్నారంటే ఎవరో మన ఛాతీ మీద రెండు అరచేతులూ ఆనించి తోసినట్టుంటుంది. ఊరందరికీ తెలిసిన పాత పాటలు వాళ్ళు వాయించరు. ప్రతిదీ ఆవిడ కొత్తగా రాసిందే. ఒక చలికాలం ఒంటరిగా వచ్చి, అల్ వక్రా చేపల రేవులో రోజూ పొద్దున్నే కూర్చుని, పడవ ఇంజన్లూ మనుషుల కేకలూ విని ఒక పెద్ద రచన చేసుకుని వెళ్ళింది. మరుసటి చలికాలం దాన్ని వాయించడానికి బ్యాండు మొత్తాన్ని వెంటబెట్టుకుని వచ్చింది.

వాళ్ళకు స్టేజీ వేసే పని మా కంపెనీకి వచ్చింది. నేను అందులో ఎస్టిమేటర్ని. నర్సాపురం వైపు నుంచి ఇంటర్ తప్పి వచ్చినవాణ్ణి. ఏ పలకకు ఎంత బరువు, ఏ లైటుకు ఎంత కరెంటు, ఎందరు మనుషులకు ఎన్ని గంటల పని, ఇవన్నీ పైపులు మోస్తూ మోస్తూ సొంతంగా నేర్చుకున్నాను. లెక్క తేలని విషయం నాకు పంటి కింద రాయిలా ఉంటుంది. స్టేజీ కొలతలు పంపమని అడిగితే మేడమ్ ఇండస్ట్రియల్ ఏరియాలోని మా గోడౌన్‌కు స్వయంగా టాక్సీలో దిగింది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషులో. ఇక్కడ రాస్తున్నది నాకు అర్థమైన తెలుగు.

"డ్రాయింగ్ పంపితే సరిపోయేదండీ, మేడమ్," అన్నాను.

"డ్రాయింగులో కుర్చీలుంటాయి ప్రసాద్, మనుషులుండరు. నీ దగ్గర పదిహేడుమంది ఉన్నారా?"

ఉన్నారు. నేపాలీలు, బెంగాలీలు, మలయాళీలు, మనవాళ్ళు. అందరినీ చెక్కపెట్టెల మీద వరసలుగా కూర్చోబెట్టింది. ఒక వరసకు "పా" అనమంది, ఒక వరసకు "బోం" అనమంది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మా జగిత్యాల మల్లేశ్ వెనక వరసలో చివరి ట్రంపెట్. ఆవిడ నాలుగు లెక్కపెట్టి చేయి కిందికి విసరగానే గోడౌన్ రేకులు అదిరాయి. రెండోసారికి ఎవరూ నవ్వలేదు. మూడోసారికి అందరూ ముందుకు వంగి, ఆవిడ చేతినే చూస్తున్నారు. నా లెక్క ప్రకారం వరసకూ వరసకూ మధ్య వదిలిన ఖాళీని ఆవిడ చూపించి, "ఇంత దూరమైతే వెనకవాళ్ళకు డ్రమ్ము ఆలస్యంగా చేరుతుంది. ముందువాడి వీపు వెనకవాడి ఊపిరికి వెచ్చబడాలి," అంది. పెట్టెలు దగ్గరికి జరిపించి మళ్ళీ వాయించమంది. తేడా నాక్కూడా తెలిసింది. "బోం" వచ్చి "పా"లో ఖాళీ లేకుండా అతుక్కుంది.

ఆవిడ వెళ్ళాక మల్లేశ్ అన్నాడు: "అన్నా, ఇగ రేపట్నుంచి నేను ఫోర్క్‌లిఫ్ట్ తోల. ఆర్టిస్టును."

"జీతం మాత్రం ఫోర్క్‌లిఫ్ట్‌దే పుచ్చుకుంటావా?"

"గది వేరే ముచ్చట గదన్నా."

బ్యాండు దిగాక అల్ రయ్యాన్‌లో ఒక హాలు అద్దెకు తీసుకుని రిహార్సల్స్ చేశారు. డ్యూటీ అయ్యాక నేనూ వెళ్ళేవాణ్ణి. మొదట్లో పని మీద, తర్వాత ఆగలేక. ఏ భాగం ఎంతసేపు పడుతుందో రాసుకోవడానికి మేడమ్ తన స్వరాల కాగితాలు నకలు తీసి ఇచ్చింది. నిలువు గీతల మధ్య ఉన్న ఒక్కో గడిలో ఎన్ని దెబ్బలుంటాయో, దాన్నిబట్టి కాలం ఎలా కట్టాలో చూపించింది. నాకు పండగే. సంగీతం కూడా లెక్కలోకి వస్తుందన్న మాట! గడులన్నీ కూడుకుంటూ చివరి భాగం దాకా వచ్చి ఆగిపోయాను. అక్కడ రెమీ అనే టెనర్ సాక్సఫోన్ ఆయన ఒక్కడే లేచి, అప్పటికప్పుడు కల్పించుకుని వాయించాలి. ఎన్నిసార్లు తిప్పి వాయించాలో రాసి లేదు.

"ఇక్కడ అంకె మర్చిపోయారండీ," అన్నాను.

"మర్చిపోలేదు. అతను చెప్పాల్సింది అయ్యేదాకా."

"అంటే ఎంతసేపు?"

ఆవిడ పెన్సిలు చెవి మీంచి తీసి మళ్ళీ పెట్టుకుంది. "నువ్వు మీ ఆవిడకు ఫోన్ చేసేముందు ఎంత మాట్లాడాలో లెక్క వేసుకుంటావా?"

"వేసుకునేవాణ్ణండీ. అప్పట్లో ఫోన్ కార్డులుండేవి. మధ్యలో కట్టయిపోయేది."

ఆవిడ ఎంత నవ్విందంటే ట్రంపెట్లవాళ్ళు ఊదడం ఆపి ఇటు చూశారు. నవ్వు తగ్గాక రెమీని చూపించి మెల్లగా చెప్పింది: "చాలా బిడియస్తుడు. రిహార్సల్లో ఎప్పుడూ తొందరగా కూర్చుండిపోతాడు. నేను అంకె వేస్తే, ఆ అంకె దగ్గర కూర్చుంటాడు. వేయకపోతే ఏదో ఒక రోజు కూర్చోడు. ఆ రోజు కోసమే ఇది రాశాను."

నాకు నచ్చలేదు. ఎందుకంటే కచేరీకి ఇచ్చిన సమయం రబ్బరులా సాగేది కాదు. అల్ వక్రాలో సముద్రం ఒడ్డున ఆరుబయట స్టేజీ. పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు అయ్యాక మొదలుపెట్టి, రాత్రి నమాజుకు పిలిచే ఇషా అజాన్ లోపల ముగించాలి. ఆ తర్వాత అదే స్టేజీ మీద ఇంకొకళ్ళ కార్యక్రమం ఉంది. నిర్వాహకుల తరఫున చూసుకునే ఇమ్రాన్ భాయ్ హైదరాబాదు మనిషి. మాట మెత్తన, టైము కచ్చితం. "అజాన్ పడిందంటే ఖలాస్, ప్రసాద్ భాయ్. మళ్ళీ ఎక్కుడు లేదు, దిగుడే. ఆఖరి ముక్క మిగిలితే మిగుల్తది," అని ముందే చెప్పాడు. మేడమ్‌కు ఆ ఆఖరి ముక్కే ప్రాణం. ఆ సాయంత్రం కచేరీని రికార్డు చేస్తున్నారు. రచన మొత్తం పూర్తిగా చేతికొస్తేనే అక్కడ వాళ్ళ దేశంలో దాన్ని విడుదల చేస్తారు, దాన్నిబట్టే మరుసటి ఏడాది బ్యాండు నిలుస్తుంది. లేకపోతే పదిహేడుమందీ తలో దారి. ఈ సంగతి ఆవిడ నాకు ఒకసారే చెప్పింది. మళ్ళీ ఎత్తలేదు.

నా జాగ్రత్తలో నేను ఉన్నాను. రిహార్సల్స్‌లో రెమీ వాయించిన సేపును సరాసరి కట్టి, కాస్త వెసులుబాటు కలిపి, అజాన్‌కు ముందే ముగిసేలా సమయం వేశాను. మేడమ్ నిలబడే చోట కాగితాల స్టాండుకు ఒక చిన్న ఎర్రబల్బు బిగించాను. అది వెలిగిందంటే సోలో ఆపించి బ్యాండును అందుకోమనాలి. ఆవిడ వద్దనలేదు. "బాగుంది, ముద్దుగా ఉంది," అంది.

ఆ సాయంత్రం సంగతి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ చేతకాదు. ఎదురుగా కతారీ కుటుంబాలు, ఫిలిప్పీన్స్ నర్సులు, మన ఆంధ్రా, తెలంగాణ వాళ్ళు కొందరు, రేవులోంచి అలాగే వచ్చేసిన జాలరులు. మొదటి భాగంలో బాస్ ట్రాంబోన్ ఒక్కటే పడవ ఇంజన్‌లా ఉలిక్కిపడి ఆగింది, మళ్ళీ ఉలిక్కిపడింది, మూడోసారికి అంటుకుంది. జాలరులు ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకుని నవ్వారు. వాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు. ఆపైన సాక్సఫోన్లు అలలుగా లేచాయి, ట్రంపెట్లు కొంగల్లా ఒకేసారి రెక్క విప్పాయి. స్టేజీ పక్కన మెట్ల దగ్గర నిలబడి ఉన్న నాకు కాళ్ళ కింద నేను వేయించిన పలకలు కొట్టుకోవడం తెలుస్తోంది. ప్రతి భాగమూ నా లెక్క ప్రకారమే నడుస్తోంది. ఆ ఆనందం వేరు.

చివరి భాగంలో రెమీ లేచాడు. మొదట ఎప్పటిలాగే నేలచూపులు చూస్తూ, ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు నాలుగు స్వరాలు. ఇక కూర్చుంటాడనుకున్న చోట తల ఎత్తాడు. సముద్రం వైపు చూశాడు. అక్కణ్ణించి అతను వాయించింది రిహార్సల్లో ఎవరూ వినలేదు. డ్రమ్ముల అతను కళ్ళు పెద్దవి చేసుకుని వెంటపడ్డాడు. పక్కన మల్లేశ్ నా భుజం పట్టుకుని, "అన్నా, ఈయన ఆగేటట్టు లేడే," అన్నాడు. నేను స్విచ్ నొక్కాను. ఎర్రబల్బు వెలిగింది. మేడమ్ దాన్ని చూసింది, నా వైపు చూసింది, స్టాండు మీది కాగితం ఒకటి తీసి బల్బు మీద కప్పేసింది.

అజాన్ మొదలైంది. మేడమ్ పిడికిలి బిగించింది. పదిహేడుమందీ దారం తెగినట్టు ఆగారు. రెమీ స్వరం సగంలోనే ఆగింది. ఎవరూ వాయిద్యం కింద పెట్టలేదు, ఎవరూ లేవలేదు. జనం కూడా ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. ఒడ్డు మీద ఆ పిలుపు ఒక్కటే వినిపిస్తోంది. మేడమ్ తల వంచుకుని నిలబడింది. ఇమ్రాన్ భాయ్ మెట్ల దగ్గరికి వచ్చి నా చెవిలో అన్నాడు:

"అయిపోయింది భాయ్. మీవాళ్ళను ఎక్కించు, కుర్చీలు తీయించు."

"ఇంకా అయిపోలేదు, ఇమ్రాన్ భాయ్."

"టైం అయిపోయింది కదా."

"టైం అయింది. పాట అవలేదు."

"అరే, నువ్వేనా మాట్లాడేది? అందరికన్నా టైం టైం అని నన్ను తిన్నది నువ్వే."

నిజమే. నా చేతిలో ఉన్నది ఒక్కటే: ఒక కార్యక్రమానికీ ఇంకోదానికీ మధ్య స్టేజీ మార్చడానికి మా కంపెనీకి ఇచ్చిన సమయం. అందులోంచి నేను ఎప్పుడూ ఒక్క నిమిషం కూడా వదలను. ఎవరడిగినా అరబ్బీలో "మాఫీ", లేదు పొమ్మనేవాణ్ణి. మల్లేశ్ వైపు తిరిగాను. "మామూలుగా పట్టే టైములో సగంలో సర్దేయగలమా?"

మల్లేశ్ స్టేజీని ఒకసారి చూశాడు. "వెనక వరస కింది రెండు మెట్లు విప్పకుండ అట్లనే దొబ్బితే అయితది. చెమటలు గారుతయ్ గని, అయితది."

"భాయ్, మా సమయంలోంచి ఇస్తున్నాను," అన్నాను ఇమ్రాన్‌తో. "అవతలి ప్రోగ్రాం ఒక్క నిమిషం ఆలస్యమైనా నాది పూచీ. మా మేనేజర్‌కు నా పేరే రాయండి."

అజాన్ ముగిసింది. ఇమ్రాన్ భాయ్ స్టేజీ వెనకాలకు పోయి అవతలివాళ్ళతో ఏదో మాట్లాడి వచ్చాడు. "నమాజు చదువుకుని వస్తారంట వాళ్ళు. మాఫీ ముష్కిల్, పర్వా లేదు. యల్లా, తొందరగా."

మేడమ్ నా వైపే చూస్తోంది. ఏం సైగ చేయాలో ముందే అనుకోలేదు. అరచేయి చాపి, కానివ్వండి అన్నట్టు ఊపాను. ఆవిడ బ్యాండు వైపు తిరిగింది. రెమీ ఏ స్వరం దగ్గర ఆగాడో అదే స్వరాన్ని, అంతే మెల్లగా, మళ్ళీ అందుకున్నాడు. ఈసారి అది చిన్నగా మొదలై, నిలువునా పైకి లేచింది. ఇక ఊపిరి లేదనుకున్న చోట మేడమ్ రెండు చేతులూ విసిరింది. మొత్తం బ్యాండు వచ్చి పడింది. జనం లేచి నిలబడ్డారు. మల్లేశ్ గోడౌన్‌లో నేర్చుకున్న "పా"ను తన చోట తను అరిచాడు. సరిగ్గా పడింది.

చప్పట్లు ఆగకముందే మావాళ్ళు స్టేజీ ఎక్కారు. ట్రంపెట్లవాళ్ళు తమ కుర్చీలు తామే మోశారు. మేడమ్ రెండు చేతుల్లో రెండు స్టాండ్లు పట్టుకుని మెట్లు దిగుతూ నా దగ్గర ఆగింది. "బల్బు వెలిగాక అతను ఎంతసేపు వాయించాడు?"

గడియారం చూడలేదని అప్పుడు తెలిసింది నాకు. "తెలీదండీ," అన్నాను.

"నాకూ తెలీదు. పద, కుర్చీలు," అంది. అవతలివాళ్ళు వచ్చేసరికి స్టేజీ ఖాళీగా ఉంది.

రికార్డు విడుదలైంది. బ్యాండు ఇప్పటికీ ఉంది, కొత్తవి వాయిస్తూనే ఉంది. మేడమ్ మళ్ళీ ఇటు రాలేదు. నేను మాత్రం అదే ఉద్యోగంలో, అవే లెక్కలు వేస్తున్నాను. మునుపటికంటే గట్టిగానే వేస్తానేమో. కానీ పార్టీ ఎవరు వచ్చినా నా మొదటి ప్రశ్న మారింది. "ఎన్నింటికి ముగించాలి" అని అడిగేవాణ్ణి. ఇప్పుడు, "ఇందులో మధ్యలో ఆపకూడనిది ఏది" అని అడుగుతున్నాను. కొందరు వింతగా చూస్తారు. కొందరు కాసేపు ఆలోచించి, తమకే తెలియనిది ఏదో గుర్తొచ్చినట్టు చెబుతారు. అది విన్నాకే కాగితం మీద కలం పెడతాను.

పోయిన వారం ఒక ఆఫీసు వేడుకకు స్టేజీ వేశాం. ఉద్యోగం విరమిస్తున్న కేరళ పెద్దాయన ఒకరు మైకు ముందుకు వచ్చి, కాగితం జేబులో పెట్టేసుకుని, తను మొదటిసారి ఈ దేశంలో దిగిన రోజు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నిర్వాహకుడు కింద నుంచి నాకు గొంతు మీద వేలు గీసి చూపించాడు, మైకు ఆపమని. నేను చూడనట్టు పక్కకు తిరిగాను. అక్కడ మల్లేశ్ ఉన్నాడు.

"ఎంతసేపన్నా ఇంక?"

"చెప్పుకోనీరా."

మల్లేశ్ జేబులోంచి చేతి గ్లౌజులు తీసి తొడుక్కున్నాడు. "అయితే మనకు ఉరుకుడే," అన్నాడు.