పదమూడో ఎక్కం, సీ షిఫ్టు వారం

మొన్న గురువారం పొద్దున్నే కాఫీ తాగుతుండగా ఫోనొచ్చింది. నా దగ్గర మూడేళ్ళు లెక్కలు నేర్చుకున్న పిల్ల వారం కిందట పోయిందని, ఆర్నెల్లుగా జబ్బుతో ఉన్నా నాకు చెప్పనివ్వలేదని, ఆదివారం పెద్దకర్మకి తప్పకుండా రావాలని ఆమె భర్త చెప్పాడు. నలభై ఏళ్ళు కూడా నిండని మనిషి. ఏడవాల్సిన చోట నాకు ముందు నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ పిల్ల తలపుకొస్తే మొహం కంటే ముందు గొంతు వినబడుతుంది. నవ్వు అయ్యాక ఏడ్చాను, కాఫీ చల్లారిపోయింది.

మాది భీమిలి. సముద్రపు గాలిలో కేకేస్తేగాని పక్కింటికి మాట అందని వీధిలో పుట్టి పెరిగి, టీచరుద్యోగం వచ్చి ఉక్కునగరంలో అడుగుపెట్టేసరికి, ఒకే తీరు క్వార్టర్లూ వరసగా చెట్లూ పగలంతా పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇల్లులాంటి నిశ్శబ్దమూ చూసి ఇక్కడి జనం ఎంత నెమ్మదస్తులో అనుకున్నాను. ఆ నెమ్మదికంతా పరిహారంగా నా క్లాసులో ఈ పిల్ల ఉండేది. జవాబు చెబితే పక్క సెక్షన్‌వాళ్ళు రాసుకునేవారు. అందులోనూ కొన్ని వారాలు మరీ భరించలేనంతగా అరిచేది. ఎన్ని చెప్పినా వినకపోతే ఓ రోజు వరండాలో నిలబెట్టాను, అక్కణ్ణించి కిటికీలో తల పెట్టి బోర్డుమీద లెక్కకి ఇంకా గట్టిగా జవాబు చెప్పింది. అలా వారం రోజులు నిలబెట్టాను, నాకూ పంతమే మరి.

చివరికి ఓ ఆదివారం పదకొండు గంటలకి, ఇంట్లోవాళ్ళకే చెప్పేద్దామని వాళ్ళ క్వార్టరుకి వెళ్ళాను. బెల్లు నొక్కాను, అది మోగలేదు. మా భీమిలి అలవాటు కొద్దీ తలుపు దబదబా బాది, ఎవరండీ ఇంట్లో అని కేకేశాను. తలుపు సందులోంచి వాళ్ళమ్మ పెదాలమీద వేలుతో ప్రత్యక్షమైంది, వెనకాల పిల్లా అలాగే వేలుతో, దాని వెనకాల తమ్ముడూ అలాగే.

“నెమ్మదిగా మాటాడండి టీచర్గారూ, ఆయన సీ షిప్టు సేసొచ్చి పడుకున్నారండి,” అంది ఆవిడ గుసగుసగా.

మీలో క్వార్టర్లలో కాపురం చేసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. రాత్రంతా స్టీలుప్లాంటు కొలిమి దగ్గర పనిచేసి తెల్లారాక వచ్చి పడుకునే మనిషి ఉన్న ఇంట్లో గిన్నె కింద పెట్టాలన్నా గుడ్డ వేసి పెడతారు, పిల్లలు సైగలతోనే పోట్లాడుకుంటారు, ఇంట్లో మూసుకున్న ఆ నోళ్ళు బడికొచ్చాకే తెరుచుకుంటాయి. నేనొక్కదాన్నే ఆ సంగతి తెలియకుండా, మీ పిల్ల గోల చేస్తోందని చెప్పడానికి వచ్చి ఆ ఇంటి నిద్ర చెడగొట్టాను. ఈలోగా గదిలోంచి ఎర్రబడ్డ కళ్ళతో లుంగీ సర్దుకుంటూ ఆ తండ్రి పరుగున రానే వచ్చాడు.

“ఏటైనాదండి టీచర్గారూ? మా పిల్ల ఏటి సేసినాది?”

ఏమీ చెయ్యలేదండీ, లెక్కల్లో చాలా బాగుందని చెబుదామని వచ్చానని జీవితంలో మొదటిసారి తడుముకోకుండా అబద్ధమాడాను. ఆయన చేతులు జోడించాడు. పిల్ల మాత్రం నా మొహం చూసి, నోరు చేత్తో మూసుకుని, చప్పుడు లేకుండా ఊగిపోతూ నవ్వింది.

మర్నాటినుంచి కొత్త అలవాటు పెట్టాను. ఎవరింట్లో సీ షిఫ్టు వారమో చేతులెత్తమని, అందరినీ ఆటస్థలంలోకి తోలుకెళ్ళి పదమూడో ఎక్కం అరిపించేదాన్ని. నడుమ కావాలనే ఒకటి తప్పు చెబుతాను, క్లాసంతా “తప్పూ టీచర్!” అని అరవాలి. హెడ్మాస్టరుగారు కిటికీలోంచి చూసి తల కొట్టుకునేవారు. అందరికంటే అర నిమిషం ముందు, అందరికంటే గట్టిగా వినబడేది ఆ పిల్ల గొంతే. ఇంత సరదాలోనూ ఆ వరండా వారానికి క్షమించమని మాత్రం నేనెప్పుడూ అడగలేదు. తర్వాత పెళ్ళికి పిలిచింది, పండ్లు తెచ్చి దండం పెట్టింది, అప్పుడైనా అడగలేదు. ఆ పిల్లకి మనసులో ఉండిపోయిందేమో అన్న దిగులు ఈ వయసులోనూ నన్ను వదల్లేదు.

ఆదివారం ఆటోనగర్ వెళ్ళాను. భర్తకి లేత్ మెషిన్ల షాపు, మేడమీద ఇల్లు, ఆ మోతంటే ఇష్టంతోనే చేసుకుందేమో అని పెళ్ళప్పుడు అందరం ఏడిపించాం. ఆ రోజు మెషిన్లన్నీ ఆపేసి ఉన్నాయి. ఎనిమిదేళ్ళ కూతురు గోడకి ఆనుకుని కూర్చుంది, పదకొండు రోజులుగా దాని నోట మాట లేదట. నేను పక్కన కూలబడగానే వాళ్ళ నాన్న, “వరండా కబుర్లు రోజూ సెప్పీదండి. అక్కడ నిలబెడితే రెండు క్లాసులకీ తన గొంతే ఇనబడీదంట, టీచర్గారు ఆ వారమంతా తనకి మైకిచ్చారనీది,” అన్నాడు. ఇన్నేళ్ళ దిగులు నాకు ఒక్క మాటతో తీరిపోయింది.

ఆ సంతోషంలో ఏమనిపించిందో, పిల్ల చెయ్యి పట్టుకుని డాబామీదికి తీసుకెళ్ళి పదమూడో ఎక్కం మొదలుపెట్టాను. కాన్వెంటు పిల్ల, తెలుగులో ఎక్కాలు ఏం తెలుస్తాయిలే అనుకుంటూనే గొంతు పెంచాను. పదమూడెనిమిదులు నూట ఆరు అన్నాను.

“తప్పూ టీచర్!”

కింద బంధువులంతా తలెత్తి చూశారు. ఆ గొంతే, అచ్చంగా ఆ గొంతే. “నూట నాలుగు! మీరు కావాలనే తప్పు సెప్తారంట, అమ్మ సెప్పింది,” అని, నవ్వి, ఆ నవ్వులోంచే నా ఒళ్ళో పడి బావురుమంది. ఈసారి నేను కావాలని తప్పు చెప్పలేదని, ముసలితనంలో నిజంగానే మర్చిపోయానని దానికి చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు క్వార్టర్లమీదుగా వచ్చాను. ఇప్పుడు సీ షిఫ్టు చేసొచ్చినవాళ్ళు హాయిగా పడుకోవచ్చు, పిల్లలు ఫోన్లు పట్టుకుని వాళ్ళంతట వాళ్ళే నిశ్శబ్దంగా ఉంటున్నారు, ఎవరూ వేలు పెదాలమీద పెట్టుకోనక్కర్లేదు. పొద్దున్న పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తూ ఎక్కం చెప్పుకోవడం మాత్రం నాకింకా అలవాటే. ఇప్పుడు ఎనిమిదుల దగ్గర కావాలనే నూట ఆరంటాను, అని కాసేపు ఆగుతాను.