ఇంట్లో అడిగి తెలుసుకోమన్నారు

మా చర్చిలో ఆడవాళ్ళు మాట్లాడకూడదనే వాక్యాన్ని సంఘమంతటికీ బిగ్గరగా చదివి వినిపించింది నేనే. వాళ్ళకు వేరే దారి లేకపోయింది. ఇకమీదట దాన్ని పాటించాలని తీర్మానం తెచ్చిన సంఘ పెద్ద కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. పాస్టరు అయ్యగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు. మిగిలిన ముగ్గురు మగవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నువ్వే సదువు బిడ్డా" అన్నారు అయ్యగారు అలవాటు కొద్దీ. లేచి నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని, అపొస్తలుడు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరంలోని ఆ రెండు వచనాలూ ఒత్తులు పోకుండా చదివాను. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని, ఏదైనా తెలుసుకోవాలంటే ఇంటి దగ్గర తమ భర్తల్ని అడగాలని వాటి సారాంశం. చదవడం అయ్యాక సంఘ పెద్ద గొంతు సవరించుకుని, "ఇగ కూసో" అన్నాడు. ఆ కూర్చోవడం ఆ ఒక్క పూటకే కాదని తర్వాత తెలిసింది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది మాట ఇది. మర్రిగూడ దిక్కు మా ఊరు. చర్చి అంటే రేకుల కప్పు, సున్నం గోడలు, కింద చాపలు. ఆదివారం వస్తే ముప్పై మంది ఆడవాళ్ళు, ఐదుగురు మగవాళ్ళు. ఆ ఆడవాళ్ళలో చాలామంది భర్తలు మల్లన్నకు మొక్కేవాళ్ళు. పెళ్ళాన్ని బండిమీద తెచ్చి గేటు దగ్గర దింపి, చేనుకో కల్లుకో పోయేవాళ్ళు.

అయ్యగారు ప్రసంగం మధ్యలో అధ్యాయమూ వచనమూ చెప్పి "సదువు" అంటారు. ముందు వరసలో ఒకరు లేచి చదివితే, ఆయన దానికి అర్థం చెబుతారు. పదో ఏట నుంచీ ఆ చదివే మనిషిని నేను. మా అమ్మ పెట్టిన పని అది. అమ్మకు అక్షరం ముక్క రాదు. ఆమెకు తెలిసిన బైబిలంతా నా నోట విన్నదే. నేను చదువుతుంటే పెదవులు కదుపుతూ నా వెంట వచ్చేది. ఆమె పోయాక నాకు మిగిలింది ఆ చదువు ఒక్కటే. అందుకే కూర్చోమంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

సంఘ పెద్ద చెడ్డవాడు కాదు. తహసీలు ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. హైదరాబాదులో మూడు రోజుల సభలకు వెళ్ళి, అచ్చు కాగితాల కట్ట ఒకటి పట్టుకొచ్చాడు. ఆయన దృష్టిలో ప్రతి వాక్యమూ పైనుంచి వచ్చిన సర్క్యులరే. వచ్చిందంటే అమలు చేయాలి, ఎందుకని అడిగితే సస్పెన్షన్.

అమలులో కొన్ని చిక్కులొచ్చాయి. ఆడవాళ్ళు నోరు తెరవకపోతే పాట లేదు. మగవాళ్ళు ఐదుగురూ కలిసి ఒక ఆదివారం పాడి చూశారు. రెండో చరణానికి అయ్యగారే చేయెత్తి ఆపేశారు. పాట మాట కిందికి రాదని మరుసటి వారం సవరణ వచ్చింది. ఊడవడం, చాపలు పరవడం గురించి అపొస్తలుడు ఏమీ రాయలేదు గనుక వాటిని ఎప్పటిలాగే మాకు వదిలేశారు. మాటలన్నీ బయటికి, మేం చెప్పులు విడిచే చోటికి చేరాయి. ఆ రోజుల్లో మా సంఘంలో వేదాంతమంతా చెప్పుల దగ్గరే నడిచింది.

అక్కడే నేను సంఘ పెద్దాయన్ని పట్టుకున్నాను. "సారూ, ఇంట్ల మొగన్ని అడుగుమన్నరు. నాకు పెండ్లే కాలే. నేనెవర్ని అడగాలె?"

ఆయన ఆలోచించనైనా లేదు. "మీ బాపును అడుగు. ఇంటికి పెద్ద మొగోడే గదా."

మా బాపు ఆ చర్చి గడప తొక్కి ఎరుగడు. గొర్రెలు కాసి బతికిన మనిషి. మా ఊరి ఫ్లోరైడు నీళ్ళ పుణ్యాన మోకాళ్ళు కొయ్యబారి, మందను చిన్నాన్నకు అప్పజెప్పి, అరుగుమీద కూర్చుని తాళ్ళు పేనుకుంటున్నాడు. సర్క్యులర్లు రాసేవాళ్ళు ఇలాంటివి చూసుకోరు.

బాపుతో నాకు మాటల్లేవు. కొట్లాట ఏమీ కాదు. అమ్మా నేనూ బాప్తిస్మం తీసుకుంటే అడ్డు చెప్పలేదు, బాగుందనీ అనలేదు. అమ్మ తనను చర్చి సమాధుల జాగాలోనే పెట్టమంది. ఆ రోజు బాపు అక్కడిదాకా నడిచొచ్చి గేటు బయటే నిలబడ్డాడు. లోపల మేం పాటలు పాడి, ప్రార్థన చేసి, మట్టి వేసి వచ్చాం. ఆ నిలబడడాన్ని నేను మనసులో పెట్టుకున్నాను. పంతంతో రాలేదనుకున్నాను. తర్వాత మూడేళ్ళు ఇద్దరమే ఒకే ఇంట్లో ఉండి, "తిన్నవా" అంటే "తిన్న" అనుకుంటూ బతికాం.

ఆ ఆదివారం సాయంత్రం బైబిలు తీసుకుని అరుగుమీదికి వెళ్ళానంటే భక్తితో కాదు. పెద్దాయన మాట అక్షరాలా పాటించి ఆయనకే అప్పజెబుదామన్న కసితో.

"బాపూ, ఇందుల ఒకటి అర్థమైతలేదు. నిన్ను అడుగుమన్నరు."

బాపు తాడు ఆపాడు. నేను చదివాను. "మల్ల సదువు" అన్నాడు. మళ్ళీ చదివాను.

"గిది ఎవరు ఎవరికి రాసిండ్రు?"

"అపొస్తలుడని, పెద్ద భక్తుడు. కొరింథు అని ఒక ఊరుంటే గా ఊరోళ్ళకు రాసిండు."

"ఉత్తరమా?"

"ఉత్తరమే."

"మరి గా ఊరోళ్ళు ముందుగాల ఆయనకేం రాసిండ్రు?"

"అది మనకు దొరకలే బాపూ."

బాపు నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. "మీ పెదబాపు బొంబయిల ఉన్నప్పుడు ఒక కారటు రాసిండు. పోస్టాయన సదివిండు. మా ఇంటామెను బాయికాడికి తోలకుండ్రి అని ఉంది. గప్పుడు బాయికాడ ఆడోళ్ళకు కొట్లాటయింది, ఎవడో పోయి ఆయనకు చెప్పిండు. కొట్లాట నాలుగొద్దులల్ల సల్లబడ్డది. మీ అవ్వ మాత్రం కారటును దేవుని పటం ఎన్క పెట్టి, కోడల్ని గడప దాటనియ్యలే. ఏడాదంత నీళ్ళు ముసలామెనే మోసింది. అన్న ఇంటికొచ్చి, ఎందుకే మోస్తున్నవు అమ్మా అంటే, నువ్వే గదరా రాసినవు అన్నది. ఆయన నెత్తి కొట్టుకున్నడు."

నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ వచనం మీద అంత తెలివైన మాట అంతకుముందు వినలేదు. మర్నాడు సాయంత్రం బాపే అడిగాడు, "గా ఉత్తరం మొదటికెల్లి సదువు, ఇంకేం రాసిండో సూద్దాం" అని.

రోజుకు కొంత చదివాం. ప్రార్థించే స్త్రీ, ప్రవచించే స్త్రీ తలమీద ముసుగు వేసుకోవాలన్న చోటికి రాగానే బాపు చేయెత్తాడు. "ఆగు. ముసుగేసుకొని చెప్పుమన్నోడు, మల్ల ఎన్కకు నోరు మూసుకొమ్మని ఎట్లంటడు? ముసుగు తలకేనాయె, నోటికి కాదు గదా. ఎన్కకు అన్నది గా ఊర్ల ఏదో లొల్లి మీద అన్నట్టుంది." మరోసారి, ఏమీ తోచనప్పుడు, తాడు వంక చూస్తూ అన్నాడు: "మీ అమ్మ గీయి నన్నెన్నడు అడుగలే. అడిగితే చెప్పేటోన్నే." పేజీ తిప్పాను.

ఈలోగా మిగతా ఆడవాళ్ళు కూడా ఆజ్ఞను నిష్ఠగా పాటించసాగారు. బిడ్డల్ని కనడం వల్ల స్త్రీకి రక్షణ అని ఇంకో ఉత్తరంలో ఉంది. ఒకామె ఆటో నడిపే తన మొగుణ్ణి పట్టుకుని, "నాకు ముగ్గురు, నాకు ఫికర్ లేదు. మీ చెల్లెకు పిల్లల్లేరు, ఆమె గతేంది?" అని అన్నం పెట్టకుండా అడిగిందట. ఆయన ఆదివారం ఆటోను గేటులోంచి లోపలికే పోనిచ్చి, పెద్దాయన ముందు చేతులు జోడించాడు. "మీకు దండం సారూ, ఈమెను ఈడనే మాట్లాడనియ్యుండ్రి. ఇంట్ల నేను బతకాలె."

నేను ఎవరిని అడుగుతున్నానో పెద్దాయన చెవిన పడింది. ఒక సాయంత్రం మా అరుగు దగ్గరికి వచ్చాడు. "విశ్వాసి గాని మనిషి దగ్గర వాక్యం ఏంది బిడ్డా?"

"మీరే అడుగుమన్నరు సారూ."

బాపు ఆయనకు మంచం వాల్చి, చాయ్ తెప్పించి, బావి కథంతా చెప్పాడు. ఆయన ఓపికగా విని, "అది మీ అన్న కారటు, ఇది దేవుని మాట" అన్నాడు.

"కాదని నేనన్ననా సారూ? మా అన్న మాట గూడ మాకు వేదమే. గందుకే మా అమ్మ ఏడాది నీళ్ళు మోసింది. మాట తప్పు గాదు. ఎందుకన్నడో ఎవ్వరు అడుగకపాయె."

పెద్దాయన చాయ్ తాగి, "సూద్దాం" అని లేచాడు. ఆఫీసులో ఎన్ని ఫైళ్ళమీద ఆ మాట రాశాడో గానీ, మా ఫైలు మాత్రం కదిలింది. నా బదులు చర్చిలో చదువుతున్న పెద్దాయన అల్లుడికి అధ్యాయం దొరికేలోగా అయ్యగారు ప్రసంగం మరిచిపోతుండడం కూడా కలిసొచ్చింది. మూడో ఆదివారం ప్రకటన చేశారు. చదవడం మాట్లాడడం కిందికి రాదట. అయితే నేను కూర్చునే చదవాలి, నిలబడకూడదు. కూర్చునే చదివాను. చివరి వరసకు కూడా వినబడేలా చదివాను.

ఇంటికి దాదాపు పరుగెత్తుకొచ్చి చెప్పాను. "మంచిగైంది బిడ్డ" అన్నాడు బాపు. కాసేపు తాడు పేనాడు. తలెత్తకుండానే, "అయితే ఇగ నన్ను అడుగవు గదా" అన్నాడు.

గెలిచిన సంబరం అక్కడే దిగిపోయింది. చర్చిలో నోరు మూయించారని అంత రగిలిపోయిన దాన్ని, ఇంట్లో మూడేళ్ళు నోరు మూసుకోమని నాకు ఏ అపొస్తలుడు రాశాడు? పక్కన కూర్చున్నాను.

"ఇంకొకటి అడుగుత బాపూ. అమ్మను మట్టిల పెట్టిన దినం, గేటు బయటనే ఎందుకు నిలవడ్డవు?"

బాపు నావైపు చూశాడు. "నన్నెవ్వరు లోపలికి రమ్మనలే గదా బిడ్డ."

ఆ రోజు మేం ముప్పై మంది ఆడవాళ్ళం ఉన్నాం అక్కడ. అప్పటికింకా మమ్మల్ని మాట్లాడొద్దని ఎవరూ అనలేదు.