చీలిన చెవి తమ్మె

పదో తరగతి పరీక్షలు రాసేసి, ఫలితాల కోసం చూస్తున్న వేసవి అది... తెనాలిలో మాకు విగ్రహాలు చేసే షెడ్డు ఉండేది. పనివాళ్లలో ఒకతను మానేయడంతో నాన్న "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్, షెడ్డుకి రా" అన్నారు. అలా దిగాను పనిలోకి.

అచ్చు తీసి పోత పోసేదాకా మట్టి విగ్రహం ఎండి పగలకుండా గోనెపట్టా కప్పి, దాని మీద నీళ్లు చల్లుతూ ఉండాలి. అది నా పని. ఇంకోటి కూడా ఉంది... కాపలా. ముందు ఏడాది ఎవరో వచ్చి మా విగ్రహం చూసి వెళ్లి, అచ్చం అలాంటిదే వేరేచోట చేయించారట. అప్పటి నుంచి కొత్త మనిషి కనబడితే చాలు, నాన్నకి అనుమానం.

"చేయించుకునేవాళ్లు తప్ప ఎవరడిగినా పట్టా తీయకమ్మా" అని రోజూ చెప్పేవారు.

అప్పుడు మా చేతిలో ఉన్నది రేపల్లె దగ్గర ఒక ఊరి పెద్దాయన విగ్రహం. బడికి స్థలం ఇచ్చిన మనిషి. ఆయన పోయాక కొడుకులిద్దరూ వచ్చి, బడి ముందు పెట్టడానికి చేయమన్నారు. ఒకే ఒక్క ఫొటో ఇచ్చారు... కుడిపక్క నుంచి తీసింది. "ఆయనకి మేమిద్దరమే" అన్నాడు చిన్నకొడుకు, ఎవరూ అడక్కుండానే.

ఆ వారంలోనే ఒకావిడ రావడం మొదలుపెట్టింది. యాభై దాటి ఉంటాయి. నేత చీర, నల్ల గొడుగు. ఎదురుగా చెరకురసం బండి దగ్గర నిలబడి, గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా మా షెడ్డులోకే చూసేది. అది కూడా నాన్న భోజనానికి వెళ్లాకే... అదే నాకు నచ్చలేదు.

ఒకరోజు గుమ్మం దాకా వచ్చింది.

"పాపా, ఆ పట్టా ఒక్కసారి తీస్తావా?"

"మీరెవరండీ?"

"బాపట్ల నుంచొచ్చానమ్మా. చూసి వెళ్లిపోతాను."

పేరు చెప్పలేదు. భుజానున్న సంచి వంక చూశాను, లోపల కెమెరా ఏమైనా ఉందేమోనని. "తీయకూడదండీ" అన్నాను. వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది...

"ఎవరు పంపించారండీ మిమ్మల్ని?" గట్టిగానే అడిగాను.

ఆవిడ గొడుగు మడిచింది. "ఎవరూ పంపలేదమ్మా. ఆయన మా నాన్న. నేనే పెద్దదాన్ని."

"ఆయనకి ఇద్దరు కొడుకులేనన్నారండీ."

"అంటారు. నచ్చినవాణ్ణి చేసుకున్నానని నన్ను ఇంట్లోంచి తీసేశారు. ఆయన పోయిన సంగతి కూడా కార్యక్రమాలన్నీ అయ్యాక, పక్కింటావిడ ఫోన్ చేస్తే తెలిసింది. విగ్రహం సంగతీ ఆవిడే చెప్పింది."

నమ్మాలా, వద్దా... ఇలా కథలు చెప్పి లోపలికొచ్చేవాళ్లుంటారని నాన్న ఎన్నిసార్లు హెచ్చరించారో! అయినా నా చెయ్యి పట్టా మీదికే వెళ్లింది.

ఆవిడ ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. మెల్లగా ఎడమవైపుకి నడిచి, చెవి దగ్గర ఆగింది.

"ఈ తమ్మె చీలి ఉండాలమ్మా. పసిదాన్నప్పుడు నన్నెత్తుకుంటే చెవిపోగు పట్టుకుని లాగేశాను. తెగిపోయింది. మా అమ్మాయి పెట్టిన గుర్తని ఊరంతా చూపించుకునేవాడు."

నాన్న రాగానే చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది.

"పట్టా ఎందుకు తీశావు?"

"వాళ్లమ్మాయంట నాన్నా."

"అంట! ఆ ఇంటి మీద కోపంతో చెప్పి ఉంటేనో? వాళ్ల నాన్న చెవి పాడుచేశామని రేపు వాళ్లు ఊరంతా చెబితే ఈ షెడ్డు గడప ఎవరు తొక్కుతారు? పోనీ ఫోన్ చేసి అడుగుదామా అంటే, ఆవిడొచ్చిందని తెలిసి ఏం గొడవవుతుందో..."

ఆ సాయంత్రమంతా విగ్రహం చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. చివరికి, మట్టి చెక్కే పుల్ల నా చేతిలో పెట్టారు.

"ఆవిణ్ణి చూసింది నువ్వు, నేను కాదు. నమ్మితే నువ్వే చెయ్యి. వాళ్లకి జవాబు కూడా నువ్వే చెప్పాలి."

అంతవరకూ నేను విగ్రహం ముఖం మీద చెయ్యి వేసింది లేదు. పుల్లతో తమ్మె చీల్చాను. చీల్చాక కూడా అనుమానం వదల్లేదు... నిజమే చెప్పిందని ఒకసారి, మోసపోయానని ఇంకోసారి.

అన్నదమ్ములు చూడ్డానికొచ్చిన రోజు పట్టా నేనే తీశాను. పెద్దకొడుకు ముందు నుంచి చూసి తలాడించాడు. ఎడమవైపుకి వచ్చి టక్కున ఆగిపోయాడు.

"ఈ సంగతి మీకెవరు చెప్పారు?"

నాన్న నా వైపు చూశారు.

"మీ అక్కయ్యగారండీ" అన్నాను.

చిన్నాయన మండిపడ్డాడు. "ఆవిణ్ణెవరు రానిచ్చారు? పూడ్చేయండి దాన్ని. ఫొటోలో లేదు కదా!"

"ఫొటోలో అసలు ఆ చెవే లేదండీ." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మీ నాన్నగారికి ఇలా లేదని చెప్పండి, ఇప్పుడే పూడ్చేస్తాను."

పెద్దకొడుకు ఆ తమ్మెని వేలితో తాకి, "ఉండనీ" అన్నాడు.

విగ్రహం పెట్టిన రోజు నాన్నతో నేనూ ఆ ఊరు వెళ్లాను. జనం వెనకాల ఆవిడ ఒక్కతే నిలబడి ఉంది. ఇక్కడ ఏం రభస జరుగుతుందోనని నాన్న పక్కకి జరిగి నిలబడ్డాను. పెద్దకొడుకు వేదిక దిగి అటు నడిచాడు.

"ఎండలో ఎందుకక్కా, ఇటు రా" అన్నాడు.

అంతే... చిన్నాయన మాత్రం ఆఖరిదాకా మొహం తిప్పుకునే ఉన్నాడు.

తిరిగొస్తుంటే నాన్న, "రేపటి నుంచి ముఖాలు చెయ్యడం నేర్చుకో" అన్నారు.

ఇప్పుడు ఆ షెడ్డు నేనే చూసుకుంటున్నాను. ఫొటోలు ఫోన్‌లో వస్తాయి. కంప్యూటర్ అన్ని వైపుల నుంచీ ముఖం తయారుచేసి చూపిస్తుంది, చేయించుకునేవాళ్లు ఉన్నచోట నుంచే సరే అంటారు. పోలికలు బాగానే కుదురుతున్నాయి... మట్టి ముందు నిలబడి, పోయిన మనిషి గురించి నాలుగు మాటలు చెప్పి వెళ్లేవాళ్లే కరువైపోయారు.

మీరూ సెలవుల్లో ఇంటి పనిలో చెయ్యి పెట్టినవాళ్లేనా? పెద్దవాళ్లు మొదటిసారి ఒక పనిని మీ మాటకే వదిలేసిన రోజు గుర్తుంటే రాయండి... తీరిగ్గా కూర్చుని చదువుకుంటాను.