చేతులు ఆమెవే, మరి గొంతు? గంగారం దాకా మా సినిమా పంచాయితీ

మా ఇంట్లో ఆస్తి తగాదాలు లేవు, సినిమా తగాదాలే. నాకు నచ్చిన హీరో మా ఆవిడ సుజాతకు నచ్చడు; ఆమె కళ్లు తుడుచుకునే సీనులో నాకు ఆవులింత వస్తుంది. పోయిన నెల జనగామలో చూసిన ఒక సినిమా మాత్రం మమ్మల్ని ఏకంగా రైలెక్కించింది. అందులో అడవిలో దారి తప్పిన హీరోకు ఒక హోటలామె రొట్టె పెడుతుంది. రెండు నిమిషాల సీను. ఆమె నటి కాదు, మన దిక్కు మనిషే అని సుజాత పట్టు. "ఆ చేతులు చూసినవా? రొట్టె కొట్టుడు ఒక్కరోజుల నేర్పితే వచ్చేది కాదు" అంటుంది. నాకేమో ఆ హోటలామె మాట ముల్లులా గుచ్చుకుంది. ప్రతి మాటకూ ముందు ఒక 'గ' తగిలిస్తే తెలంగాణ అయిపోతుందనుకునే మాట అది. మన మాటను సినిమాల్లో ఇన్నేళ్లూ నవ్వులాటకు వాడుకున్నారన్న మంట నాకు ముందే ఉంది. మర్నాడే ఈ బ్లాగులో రాసిపారేశాను: "హోటలామెకు మన మాటే రాదు, ఎక్కడినుంచి పట్టుకొచ్చారో!" చాలామంది పంచుకున్నారు, నేనూ మురిసిపోయాను. సుజాత టైటిళ్లు చివరిదాకా చూసే రకం. కృతజ్ఞతల్లో గంగారం అనే ఊరి పేరు చదివి పెట్టుకుంది. "పోయి చూద్దాం పా, ఎవరు గెలుస్తరో" అంది.

ఆదివారం పొద్దున ఆరున్నరకు జనగామలో రైలెక్కాం. మహబూబాబాద్‌కు జనరల్ టికెట్ మనిషికి డెబ్బై రూపాయల లోపే, ప్రయాణం రెండు గంటలు. కాజీపేట దాటినా మా వాదన ఆగలేదు. ఎదురుసీటు పెద్దాయన చాలాసేపు ఓపిగ్గా విని, "ఇద్దరు కలిసి ఒక్క సినిమనే చూసిన్రా, చెరొకటి చూసిన్రా?" అని అడిగాడు. మహబూబాబాద్ బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, తొమ్మిదింటికి గూడూరు, కొత్తగూడ మీదుగా వెళ్లే బస్సు పట్టుకున్నాం. నాకు నూరు రూపాయల దాకా అయింది. ఆడవాళ్లకు ఉచితం కనుక సుజాత నా టికెట్ చూసి మరీ నవ్వింది. కొత్తగూడ దాటాక రెండువైపులా అడవే, కిటికీ సీటు వదులుకోకండి. గంగారంలో రొట్టెల హోటల్ ఎక్కడని అడిగితే కండక్టర్ గొంతు తగ్గించాడు.

"రొట్టెలు మస్తుంటయన్నా. సినిమ ముచ్చట మాత్రం తియ్యకుర్రి. సారక్క జర పరేషాన్ల ఉన్నది."

దిగేసరికి పదకొండు దాటింది. రేకుల షెడ్డు, రెండు బల్లలు, కట్టెల పొయ్యి. పొయ్యి ముందు ఒకామె జొన్నరొట్టె కొడుతోంది. సుజాత నన్ను మోచేత్తో పొడిచింది. అవును, ఆ చేతులే! నేను ఓడిపోయాననుకునేలోపే ఆమె తలెత్తి, "కూసోండ్రి, కూర ఉడుకుతాంది" అంది. పొగకు బొంగురుపోయిన నిండు గొంతు. సినిమాలో విన్నది సన్నటి, తియ్యటి గొంతు. ఇది అది కాదు.

పక్క బల్ల మీద చాయ్ తాగుతున్న ముసలాయన ఊరుకోలేదు. "ఏం సారక్కా, ఆ పట్నం గొంతు ఏడ దాసినవ్? సుట్టాలకు జర వినిపియ్యి."

సారక్క రొట్టెను పెనం మీద విసురుగా వేసింది. సుజాత మెల్లగా వెళ్లి పొయ్యి పక్కన కూర్చుంది. ఆడవాళ్ల మాటల్లో సంగతంతా బయటికొచ్చింది.

"షూటింగయినంక గొంతు ఇయ్యనీకె హైదరాబాద్ పిలుస్తమన్నరక్కా. కొత్త చీర గూడ తీసిపెట్టిన. పిలవలే. ఎవరి గొంతో పెట్టిన్రు. ఊరోళ్లు నవ్వితె నవ్విన్రు. మా అవ్వ భూపాలపల్లిల మా చెల్లె దగ్గర ఉంటది. కండ్లు కానరావు. నా బిడ్డ మాటన్న వింట అని టాకీసుకు పోయింది. సినిమ మొత్తం కూసున్నదట. అందరు లేసి పోతాంటె మా చెల్లెను అడిగిందట, 'మన సారక్క ఎప్పుడస్తదే?' అని."

సుజాత ఆమె భుజం మీద చెయ్యి వేసింది. సారక్క ముక్కు చీది, "గది సాలదన్నట్టు జనగామల ఎవడో రాసిండట, నాకు మన మాటే రాదని. ఫోన్ల సదివి వినిపిచ్చిన్రు" అంది.

సుజాత తల తిప్పి నా వైపు చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. "ఆ రాసింది నేనే అక్కా. తప్పయింది" అన్నాను.

సారక్క నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వా? మంచిది. ముందుగాల తిను. తిన్నంక తిడత."

ఆ సీను సినిమా వాళ్లే ఫోన్లలో వదిలారు. తిన్నాక నా ఫోన్లో తీసి, శబ్దం పూర్తిగా తగ్గించి ఆమె ముందు పెట్టాను. ఆ రోజు కెమెరా ముందు ఏమన్నదో అదే అనమన్నాను. మొదటిసారి నవ్వేసింది. రెండోసారి మాట వెనకబడింది. మూడోసారి కొంగుతో చేతులు తుడుచుకుని తెర మీదికి వంగింది. "పైసల ముచ్చట తర్వాత. కాళ్లు కడుక్కొని కూసో బిడ్డా. ఆకలి నీ మొఖం మీదనే కనవడ్తాంది." తెర మీద పెదవులూ ఆమె మాటా అక్షరం తప్పకుండా కలిశాయి. హాల్లో నాకు ఆవులింత వచ్చిన సీను ఇదే. ఇప్పుడు కళ్లు తుడుచుకున్నది నేనే. వెక్కిరించిన ముసలాయన చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఇంకోపారి పెట్టు పటేలా" అన్నాడు.

సుజాత తన ఫోన్లో ఇదంతా తీసి, సారక్క చెల్లెలికి పంపింది. పావుగంటకు భూపాలపల్లి నుంచి ఫోన్. స్పీకర్లో ముసలి గొంతు వణుకుతూ వినిపించింది. "ఇగో, ఇప్పుడచ్చింది నా బిడ్డ! ఆ పోరడు తిన్నడా మరి?"

"తిన్నడే అవ్వా, కడుపునిండ తిన్నడు" అంది సారక్క, నవ్వుతూ, ఏడుస్తూ.

మా పంచాయితీలో ఇద్దరమూ గెలిచాం. చేతుల సంగతి సుజాత చెప్పినట్టే, గొంతు సంగతి నేను చెప్పినట్టే. కానీ చెవికి తప్పుగా వినబడిన మాటకు తెర మీది మనిషిని దోషిని చేశాను. ఆ మాట ఆమెదేనా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. పాత పోస్టు చెరిపెయ్యలేదు, నా తొందరపాటు అక్కడే ఉండాలి. దాని పైన ఇదంతా చేర్చాను. సారక్క మాట తప్పలేదు, మూడింటి బస్సు వచ్చేదాకా కడిగిపారేసింది. తిట్లు తింటూ ఇంత హాయిగా నేనెప్పుడూ లేను.

వెళ్లాలనుకునేవాళ్లు ఒంటిగంటలోపే చేరండి, తర్వాత రొట్టెలు మిగలవు. తిరుగు బస్సు వేళ దిగేటప్పుడే కండక్టర్‌ను అడిగి పెట్టుకోండి. హోటల్‌కు బోర్డు లేదు. గొంతు విని ఆగండి.