రూతమ్మ బండికి చెయిన్ అని రాశాను

2019 అక్టోబరు చివరి వారం. మధ్యాహ్నం రెండుంపావుకి డబ్లిన్‌లో దిగాను. ఎనిమిది డిగ్రీలు. పడమటి గాలి, వాన పక్కనుంచి కొడుతోంది. మా ఆవిడ సుజాత గొడుగు లేకుండా వచ్చింది. "ఇక్కడ గొడుగు నిలవదండీ, తిరగబడిపోద్ది" అంది. ఆమె అప్పటికే ఏడాదిగా టాలట్ వైపు ఒక ఆసుపత్రిలో నర్సు. నేను పద్దెనిమిదేళ్లు సైన్యంలో బండ్ల మెకానిక్‌గా చేసి, హవల్దారుగా దిగిపోయినవాణ్ణి. ఊరి శివార్లలో, ఆడమ్స్‌టౌన్‌లో రెండో అంతస్తు ఫ్లాటు మాది. దాన్ని ఇల్లు అనుకోలేదు నేను, పోస్టింగు అనే అనుకున్నాను. ఇప్పుడు మా ఊరు చీరాలలో జనం సైన్యంలో ఉన్నప్పటి లడఖ్ కబుర్లు అడుగుతారు. నవ్వుతూ చెబుతాను. ఐర్లండ్ సంగతి మాత్రం నవ్వుతూ చెప్పలేను.

2020 మార్చిలో కరోనాకి అన్నీ మూతపడ్డాయి. బస్సులు తగ్గాయి. మా చుట్టుపక్కల బిల్డింగుల్లో పదకొండు కార్లు తెలుగు నర్సులవీ కేరర్లవీ. కేరర్లంటే వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్లకి స్నానం, అన్నం, మంచం చూసుకునేవాళ్లు. వాళ్ల బండి కదలకపోతే అక్కడ ఎవరికో అన్నం అందదు. గ్యారేజీకి ఫోన్ చేస్తే మూడు వారాల తర్వాత రమ్మనేవారు. ఇంట్లో ఖాళీగా కూర్చున్న పనివాణ్ణి నేనొక్కణ్ణే.

సైన్యంలో పొద్దున్నే బండి కదలకముందు చేసే తనిఖీని ఫస్ట్ పరేడ్ అంటారు. ఆడమ్స్‌టౌన్ కార్ పార్కులో అదే మొదలెట్టాను. ఉదయం 6:10 నుంచి 6:50 వరకు. నీళ్లు, ఆయిలు, టైర్లలో గాలి, బ్యాటరీ, లైట్లు. నా సామాను ఒక పానా పెట్టె, తలకి కట్టుకునే లైటు, రెండు జతల చేతి తొడుగులు. బండికొక అట్ట కార్డు. కార్డు మీద నా సంతకం. "మీరు సంతకం పెడితే చాలన్నా, ఇంక కళ్లు మూసుకుని నడుపుతాం" అనేవాళ్లు ఆడపిల్లలు. ఆ మాటకి ఛాతీ ఉబ్బేది నాకు. అబద్ధం ఎందుకు, చాలా ఉబ్బేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంజన్ పైన కవాటాలు, కింద పిస్టన్లు. రెండూ ఒక లెక్కలో కదలాలి, లెక్క తప్పితే ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఆ లెక్క తప్పకుండా పట్టి ఉంచేది కొన్ని బండ్లలో చెయిన్, కొన్నిట్లో రబ్బరు బెల్టు. చెయిన్ ఇనుము, లోపల ఆయిల్లో తడుస్తూ తిరుగుతుంది. సాధారణంగా ఇంజనున్నంత కాలం వస్తుంది. వదులైతే పొద్దున స్టార్ట్ చేయగానే గలగలమని గోల పెడుతుంది. బెల్టు అలా కాదు. పొడిగా, నిశ్శబ్దంగా తిరుగుతుంది. ఇన్నేళ్లకి మార్చాలని లెక్క ఉంటుంది. మార్చకపోతే ఒకరోజు తెగుతుంది. ముందు రోజు కూడా బాగానే ఉంటుంది.

వార్డు నర్సు లిల్లీ కారూ, కేరర్ రూతమ్మ కారూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ఏడాది నంబరు ప్లేటు, రంగు కూడా అదే నీలం. లిల్లీ బండికి ఆయిల్ మూత తీసి లైటు వేశాను. లోపల చెయిన్ కనిపించింది. కార్డు మీద రాశాను. చెయిన్, మార్చనక్కర్లేదు. పక్కనే రూతమ్మ బండి. వాన పెరిగింది. నేను మూత తీయలేదు. సైన్యంలో ఒక మోడల్ లారీలు యాభై వస్తే యాభైకీ ఒకటే ఇంజను, ఒకటే షెడ్యూల్ కాగితం. పద్దెనిమిదేళ్లు ఆ కాగితమే నాకు చదువు. రెండో కార్డు మీద కూడా అదే రాసి సంతకం పెట్టాను.

రూతమ్మది ఒంగోలు పక్క. లీక్స్‌లిప్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో పని. భర్త ప్రకాశ్ గోడౌన్‌లో సామాను ఎత్తేవాడు. పిల్లల్లేరు. ఆ దేశంలో ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు. ఆ డిసెంబరులో ఒకరోజు అడిగింది.

"అన్నా, మా ఆశ్రమంలో ఒకామె బెల్టు మార్పిచ్చుకుందంట. నా బండికి కూడా చూడాలేమో? పాతది కొన్నాం, పుస్తకం కూడా ఇయ్యలా."

"నీ దానికి చెయినమ్మా. నేను చూశాగా. నిశ్చింతగా పో."

నేను చూశాగా అన్నాను. అవే మాటలు.

2021 జనవరి. ఆ నెలలో సుజాత ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని అలాగే నిద్రపోయేది. ప్రకాశ్ కరోనాతో ఆమె వార్డులోనే పడ్డాడు. పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద. ఎవరినీ లోపలికి రానివ్వరు. చివరి ఘడియ అని డాక్టరు అంటేనే, ఒక్కరిని. పదమూడో రోజు ఉదయం 10:35కి సుజాత ఫోన్.

"రూతక్కని వెంటనే తీసుకురండి. ఆగొద్దు."

"ఎంతసేపుంది?"

"తెలీదండీ. రండి."

మా కారు సుజాత దగ్గర ఉంది. రూతమ్మ బండి తీశాం. ఆమె తాళం నా చేతికిచ్చింది, నేను నడిపాను. ఇద్దరికీ మాస్కులు. ఆమె వెనక సీట్లో ఎడమ మూల, నాలుగు అద్దాలూ దించి ఉన్నాయి. నాలుగు డిగ్రీలు, సన్నటి వాన. 10:41కి కదిలాం. మోటార్‌వే ఎక్కాం. ఇంజను నున్నగా నడుస్తోంది. రెడ్ కౌ జంక్షన్ దాటాక, 10:57కి, ఇంజన్లోంచి టప్‌మని ఒక్క శబ్దం. అంతే. ఇంజను ఆగిపోయింది. బండిని రోడ్డు అంచున, చెడిపోయిన బండ్లు ఆపుకునే లేన్లోకి దొర్లించి ఆపాను.

తాళం తిప్పాను. స్టార్టర్ తేలిగ్గా, మామూలు కన్నా వేగంగా తిరిగింది. ఇంజన్లో బిగువు లేదు. ఆ శబ్దం విన్న మెకానిక్‌కి ఇంకేం చూడనక్కర్లేదు. అయినా దిగి, బానెట్ ఎత్తి, పక్కనున్న ప్లాస్టిక్ మూత క్లిప్పులు ఊడదీశాను. పళ్లు ఊడిన రబ్బరు బెల్టు, పీలికలు. బయటి కార్లలో ఒకే మోడల్‌కి రెండు రకాల ఇంజన్లు పెడతారు. ఒరే దరిద్రుడా, ఒక్క మూత తీసి చూడలేకపోయావా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంకా నాలుగు కిలోమీటర్లుంది. టాక్సీకి చేస్తే నలభై నిమిషాలన్నారు. 11:03కి గార్డులకి ఫోన్ చేశాను. అక్కడి పోలీసులు వాళ్లు. పంపిస్తున్నామన్నారు. 11:06కి సుజాత రూతమ్మకి ఫోన్ చేసింది. రూతమ్మ ఫోన్ పట్టుకుని రెయిలింగ్ పక్కకి నడిచింది. 11:14కి అక్కడ ప్రకాశ్ ప్రాణం పోయింది. గార్డుల కారు 11:22కి వచ్చింది. పెద్దాయన ఒకడు దిగి ఆమె మొహం చూసి టోపీ తీశాడు. ఆమెని ఎక్కించుకుని వెళ్లారు. నేను బండి దగ్గర ఉండిపోయాను.

నాలుగో రోజు రూతమ్మ వాళ్ల గుమ్మం ముందు, రెండు మీటర్ల దూరంలో నిలబడ్డాను.

"రూతమ్మా, నీ బండికి బెల్టే. నేను చూడకుండా చూశానని చెప్పాను."

తిట్టుద్దని చూశాను. తిడితే బాగుండును.

"సోమవారం డ్యూటీకి రమ్మంటన్నారన్నా. బండి బాగయిద్దా?"

కవాటాలు వంగిపోయాయి, ఇంజను పనికిరాదు. అదే చెప్పాను. "సరే అన్నా" అని తలుపు వేసుకుంది. కార్డులన్నీ ఆ సాయంత్రమే చింపేశాను. ఆమె బస్సులో వెళ్లేది. మరుసటి ఏడాది సుజాత, నేను తిరిగొచ్చేశాం. నేను మళ్లీ ఏ బండి బానెట్టూ ఎత్తలేదు.

రోడ్డు పక్కన ఆ ఎనిమిది నిమిషాల సంగతి ఎవరికీ చెప్పలేదు. లాక్‌డౌన్‌లో కార్లు లేవు గానీ సరుకు లారీలు ఆగలేదు. సుజాత తన ఫోన్‌ని ప్రకాశ్ నోటి దగ్గర పెట్టింది. అతను ఏదో చెబుతున్నాడు. మాస్కు, షీల్డు, మిషన్ల హోరు మధ్య సుజాతకీ వినపడలేదు. ఇక్కడ రూతమ్మ వానలో రెయిలింగ్ మీదికి వంగి, ఒక చెవికి ఫోన్ నొక్కిపెట్టి, రెండో చెవి అరచేత్తో మూసుకుంది. ఒకదాని వెనక ఒకటి లారీలు పోతున్నాయి. నావైపు తిరిగింది. పెద్దగా అరిచింది.

"ఏదో అంటన్నాడన్నా, ఇనపడట్లా! ఆ లారీల్ని కాసేపు ఆపన్నా!"

నేను రోడ్డు అంచుకి పోయి రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాను. ఒక్కటీ ఆగలేదు.