ఉస్తాద్ ఎక్కని వ్యాను

మా ఉస్తాద్ పోయాడని ములకలపల్లి నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. బూర్గంపాడు సెంటర్లో టీ తాగుతున్నవాణ్ణి, గ్లాసు అక్కడే పెట్టి తిరుగు బస్సెక్కాను.

ఉస్తాద్ అంటే పోలీసుల్లో డ్రిల్లు నేర్పేవాడు. ఎనభైల్లో నక్సలైట్ల కోసం అడవి గాలింపుకు వేసిన స్పెషల్ పార్టీలో మేం పదకొండు మందిమి, ఆయన మా పెద్ద. బయల్దేరే ముందు మా జేబులు తడిమి, తాళంచెవులూ చిల్లరా చప్పుడు కాకుండా రుమాల్లో కట్టించేవాడు. ఆగిన ప్రతిచోటా వెనక నుంచి వచ్చి భుజాలు తట్టి లెక్కపెట్టేవాడు. అడవిలో వెలిగించకూడదని ఉత్తి బీడీ నోట్లో పెట్టుకుని నములుతుంటే మాకు నవ్వొచ్చేది.

"పోయిన దారిన మళ్ల రావొద్దుర. మనల్ని చూసినోడు ఆడనే కూసోని ఉంటడు" అనేవాడు.

ఒకసారి మూడు రోజులు గాలించి డీలా పడిపోయాం. రోడ్డు మీదికి రండి, వ్యాను పంపుతున్నామని వైర్‌లెస్‌లో ఆర్డరొచ్చింది. మేం వెళ్లిన రోడ్డే అది. క్యాంపులో పెద్దాఫీసరెవరో ఎదురుచూస్తున్నాడట. ఉస్తాద్ ఎక్కనివ్వలేదు.

"మందుపాతర పెట్టేటోనికి వ్యాను కన్న ఏం గావాలె? నడువుండ్రి."

వాగులు దాటుకుంటూ మర్నాటికి చేరాం. దారంతా ఆయన్ని లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాను.

ఖాళీ వ్యాను మాత్రం క్షేమంగా తిరిగొచ్చింది. ఏమీ పేలలేదు. అదే ఆయన మెడకు చుట్టుకుంది. విచారణ పెట్టారు. మా ఇన్‌స్పెక్టరు నన్ను గదిలోకి పిలిచి, టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. 'భయపడి వ్యాను ఎక్కలేదు' అని ఉంది.

"ఆయన భయపడలే సార్" అన్నాను.

"ఫైలు మూయడానికేనయ్యా. మీ ఉస్తాద్‌కు ఏం కాదు, పూచీ నాది" అన్నాడు.

నమ్మి సంతకం పెట్టాను. నెల తిరక్కుండా పిరికివాడని ముద్రేసి ఉస్తాద్ ఉద్యోగం తీసేశారు. నా కాగితమే ఆధారం. అడగబోతే ఆ ఇన్‌స్పెక్టరు నన్నెప్పుడూ చూడనట్టే మొహం పెట్టాడు. ఆ నమ్మకద్రోహం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఉస్తాద్‌కు నేను చేసిందీ అదే. ఆ సంగతి ఆయనతో చెప్పే ధైర్యం మాత్రం ఏనాడూ రాలేదు.

తర్వాత ఆయన అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటకు కాపలా ఉన్నాడు. చూడబోయినప్పుడు ఒకసారి, "ఆ రోజు ఏం పేలలే గద ఉస్తాద్" అన్నాను.

"పేలకపోతే మంచిదే గదర. పదకొండు మందిని తీస్కపోయిన, పదకొండు మందిని తెచ్చిన. గంతే నా నౌకరి."

దహనం అయ్యాక ఇంటికొస్తే ఆయన భార్య నన్ను పక్కకు పిలిచింది.

"నీ సంతకమున్న కాగితం ఆయన పెట్టెలనే ఉన్నది తమ్మీ. నౌకరి తీసేసినప్పుడే ఆఫీసోళ్లు పంపిండ్రు. నువ్వొచ్చినప్పుడల్ల అడుగుదామంటే, 'వాన్నేమనకు, వానికీ ఎవడో మాటిచ్చి ఉంటడు' అనేటోడు."

బస్సు దాకా దింపుతానని ఆయన కొడుకు మోటారుసైకిల్ తీశాడు. ఎక్కలేదు. వచ్చిన బాట వదిలేసి, చేలకు అడ్డంపడి, వాగు గట్టు మీదుగా చుట్టూ తిరిగి నడిచాను. సగం దారిలో ఒకచోట ఆగి, భుజం మీద ఆ చెయ్యి పడుతుందేమోనని చాలాసేపు అలాగే నిలబడ్డాను.