అగ్గి ఫోను కాపలా

మా వదిన ఆర్విల్లాను మా ఊరు నార్‌హోమ్‌లో మెచ్చుకోని మనిషి లేడు. ఆ మెచ్చుకోలే ఆమె కొంప ముంచిందని నేనంటాను. మెచ్చుకోవడానికి ఖర్చేమీ ఉండదు కదా, అందుకే మా అయోవా రైతులు ఆ ఒక్క విషయంలో పిసినారితనం చూపించరు.

వదిన వంటింటి గోడకు రెండు ఫోన్లుండేవి. ఒకటి అందరి ఇళ్లలో ఉండేదే. రెండోది నంబర్లు తిప్పే చక్రం లేని ఎర్ర ఫోను. మా చుట్టుపక్కల ఎవరి పశువుల కొట్టం అంటుకున్నా, ఎవరి చెయ్యి మొక్కజొన్న కోసే యంత్రంలో పడినా, ఎవరికి గుండె పట్టేసినా అదే మోగేది. దాని పక్కనే గోడకు ఒక మీట. వదిన మీట నొక్కితే ఫైర్ స్టేషన్ మీద సైరన్ కూసేది. అది విని రైతులు, మంగలి, బడి బస్సు డ్రైవరు, ఎక్కడి పని అక్కడ పారేసి స్టేషన్‌కి పరుగెత్తి వదినకు ఫోన్ చేస్తే, ఎక్కడికి పోవాలో ఆమె చెప్పేది. వాళ్లకూ జీతం లేదు, ఆమెకూ లేదు. మేం దాన్ని అగ్గి ఫోను అనేవాళ్లం.

మొదట్లో ఆ ఫోను అయిదిళ్లలో ఒకేసారి మోగేది. ఎవరింట్లో మనిషుంటే వాళ్లు తీసేవాళ్లు. తర్వాత పంట ధర పడిపోయింది, బ్యాంకులు పొలాలు లాక్కున్నాయి, ఇల్లు గడవక ఆడవాళ్లు పందిమాంసం ఫ్యాక్టరీలో పనికి పోవడం మొదలుపెట్టారు. ఒక్కో ఇంట్లోంచీ ఎర్ర ఫోను ఊడింది. చివరికి వదిన ఇల్లొక్కటే మిగిలింది.

అప్పట్నుంచి మా అన్న పామర్, వదిన కలిసి గడప దాటలేదు. ఇద్దరిలో ఒకరు ఆ మోత వినబడేంత దూరంలో ఉండి తీరాలి. ఎవరి పెళ్లికైనా అన్న వెళ్తే వదిన ఇంట్లో, ఎవరి చావుకైనా వదిన వెళ్తే అన్న ఇంట్లో. కొడుకు హైస్కూలు పట్టా పుచ్చుకున్న రోజు మొదటి సగం తండ్రి చూశాడు, రెండో సగం తల్లి చూసింది. మధ్యదారిలో కార్లు ఎదురైతే చెయ్యూపుకున్నారు. నేను ఎదురింట్లోనే ఉంటాను, అప్పుడప్పుడు కాపలా కూర్చున్నాను కూడా. కానీ నాది ఆసుపత్రి వంటింట్లో ఉద్యోగం. నాకు సెలవున్న రోజు వాళ్లకు పొలం పని, వాళ్లకు తీరిక చిక్కిన రోజు నాకు డ్యూటీ.

అలాంటి సమయంలో కౌంటీలో, అంటే మా జిల్లా అంతటా, ఓటింగు పెట్టారు. ప్రతి ఫోన్ బిల్లు మీదా నెలకు డెబ్బై అయిదు సెంట్లు అదనంగా వసూలు చేస్తారు. ఆ డబ్బుతో షెరిఫ్ ఆఫీసు పక్కన ఒక గది కట్టి, శిక్షణ ఇచ్చిన మనుషుల్ని రాత్రీ పగలూ వంతులవారీగా కూర్చోబెడతారు. ఆపదలో ఉన్నవాళ్లు మూడంకెలు నొక్కితే చాలు. అయితే జనం ఒప్పుకుంటేనే వసూలు, లేకపోతే గదీ లేదు, మనుషులూ లేరు.

ధాన్యం గోదాము నడిపే డెల్మర్ క్రాస్ దీనికి అడ్డం తిరిగాడు. పొద్దున్నే ఊళ్లో మగవాళ్లంతా కాఫీకి చేరేది అతని దగ్గరే, కాబట్టి అతను అడ్డం తిరిగితే ఊరు తిరిగినట్టే.

"మనకు ఆర్విల్లా ఉంది కదయ్యా," అనేవాడు. "ఊరికే జరిగిపోయేదానికి డబ్బులెందుకు తగలెయ్యడం?"

"ఊరికే ఎవరికి జరుగుతోంది డెల్మర్?" అన్నాను ఒకరోజు.

"ఆమెకేం కష్టం మిర్నా? ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కదా."

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది నీ వరస. నీదేం పోయింది?"

అందరూ నవ్వారు. నవ్వి, మళ్లీ అతని మాటకే తలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ సాయంత్రం వదిన దగ్గరకెళ్లి, "మానేస్తానని చెప్పెయ్. అప్పుడు తెలుస్తుంది వీళ్లకి," అన్నాను.

వదిన బంగాళాదుంపలు తరుగుతూ తలెత్తలేదు. "చెప్పి? ఆ మర్నాడే ఎవరి బిడ్డో ధాన్యం కొట్టులో కూరుకుపోయిందనుకో. ఫోను మోగుతుంటే నేను బయట గులాబీలకు నీళ్లు పోసుకుంటూ కూర్చోనా?"

"అయితే ఏం చేస్తావ్?"

"ఓటింగు గెలిస్తే బయటపడతా. ఓడిపోతే ఈ వంటింట్లోంచి నన్ను నలుగురు మోసుకుపోవాల్సిందే. మధ్యేమార్గం ఏదీ నాకు కనబళ్లేదు మిర్నా."

ఏడుస్తూ అన్లేదు ఆ మాట. సూపులో ఉప్పు తగ్గిందన్నట్టు చెప్పింది.

ఓటింగు దగ్గరపడుతుండగా డెల్మర్‌కు ఒక ఆలోచన వచ్చింది. వదినకు సన్మానం చెయ్యాలి. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింద హాల్లో ఊరంతటికీ భోజనం, వదినకు ఒక షీల్డు. ఇంత గొప్ప మనిషి ఉండగా ఫోన్ బిల్లు పెంచుకోవడమెందుకని జనానికి ఎక్కించడం అతని ఎత్తు. ఆలుమగలిద్దరూ దయచెయ్యాలని బంగారు అంచు కార్డు పంపాడు.

వదిన ఆ కార్డు చదివి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"ఇద్దరూ రావాలట," అంది.

"నేను వెళ్లి చెప్తానుండు వాళ్లకి."

"నోరు మూసుకో మిర్నా. ఎవరికైనా తడుతుందేమో చూద్దాం."

ఎవరికీ తట్టలేదు. ఒట్టు, ఊరు మొత్తంలో ఒక్కరికి తట్టలేదు. పందితొడ హాము వండారు, పాలూ వెన్నా పోసి బంగాళాదుంపలు కాల్చారు, ముసలమ్మలు ముందురోజే కూర్చుని లెఫ్సా రొట్టెలు చేశారు. హాలు కిటకిటలాడింది. ముందు బల్ల దగ్గర పువ్వులు పెట్టిన రెండు కుర్చీలు. ఒకదాంట్లో మా అన్న వచ్చి కూర్చున్నాడు. రెండోది ఖాళీ.

డెల్మర్ షీల్డు పట్టుకుని వచ్చాడు. "ఆర్విల్లా ఏది?"

"ఇంట్లో," అన్నాడు అన్న.

"ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది."

"మరి?"

అన్న లెఫ్సా మీద వెన్న రాసుకుంటున్నాడు. "ఫోను," అన్నాడు.

ఆ మాట ముందు బల్ల నుంచి వెనక బల్లదాకా పాకింది. ఒక్కొక్కరే తినడం ఆపారు. నేను వడ్డిస్తున్నాను కాబట్టి అందరి మొహాలూ చూశాను. పెళ్లికూతుర్ని మరిచిపోయి పెళ్లికి తరలివచ్చినవాళ్ల మొహాలు అవి.

డెల్మర్ గొంతు సవరించుకున్నాడు. "ఒక్క గంటే కదా. ఒక్క గంట రమ్మనండి, ఏమవుతుంది?"

అప్పుడు ఇంగా టోర్వాల్డ్ లేచింది. నోరు తెరిస్తే ప్రార్థనే గానీ వేరే మాట మాట్లాడని మనిషి. "మా ఆయనకు గుండె ఆగింది అలాంటి ఒక్క గంటలోనే డెల్మర్. ఆర్విల్లా ఫోను తీసింది కాబట్టి ఆయన ఈ పూట నా పక్కన కూర్చుని హాము తింటున్నాడు," అని మళ్లీ కూర్చుంది.

ఇక నేను ఆగలేకపోయాను. "నువ్వెళ్లి కూర్చో డెల్మర్. ఏమంత కష్టం? ఇంట్లో కూర్చోవడమేగా."

ఎవరో కిసుక్కుమన్నారు. డెల్మర్ షీల్డు బల్ల మీద పెట్టి, సూటు బొత్తాలు వేసుకుని, తన పళ్లెం పట్టుకుని వదిన ఇంటికి వెళ్లాడు.

కాసేపటికి వదిన వచ్చింది. నీలం గౌను, జుట్టు చుట్టి పిన్నులు పెట్టుకుని, ముస్తాబంతా ముందే అయిపోయింది. అన్న పక్కన కూర్చుని రెండు పళ్లాలు నింపుగా తింది. మధ్యమధ్యలో మొగుడి పళ్లెంలోంచి కూడా తీసుకుంది. ఊరంతా వాళ్లిద్దర్నీ కొత్త దంపతుల్ని చూసినట్టు చూసింది. పాస్టర్ షీల్డు ఇస్తే అందుకుని, "చాలా సంతోషం. కానీ మా వంటింటి గోడమీద చోటు లేదండీ, ఫోనుంది. అది తీయించండి, ఇది తగిలిస్తాను," అంది. అంతే ఆమె ఉపన్యాసం.

తర్వాత ఇంటికి పోలేదు. అన్న కారు తీశాడు, వదిన ఎక్కింది, నది వైపు పోయారు.

పొద్దు వాలబోతుండగా నేను డెల్మర్‌ను చూడ్డానికి వెళ్లాను. సూటు విప్పకుండా వంటింటి కుర్చీలో ఎర్ర ఫోనుకు ఎదురుగా కూర్చున్నాడు. తెచ్చుకున్న పళ్లెం ముట్టుకోలేదు.

"వాళ్లేరీ?" అన్నాడు.

"షికారుకెళ్లారు."

"ఎప్పుడొస్తారు?"

"నాకేం చెప్పి వెళ్లారా? మోగిందా అది?"

"లేదు."

"మరి ఆ చెమటలేంటయ్యా?"

"మోగుతుందేమోనని," అన్నాడు. తల వంచుకుని, "మిర్నా, ఒక్క నిమిషం నువ్వు కూర్చో తల్లీ. నేను బాత్రూంకి పోవాలి. మధ్యాహ్నం నుంచీ బిగబట్టుకున్నా."

జాలేసింది. కూర్చున్నాను. ఆ వయసులో మనిషి అంత వేగంగా పరుగెత్తగలడని నాకు తెలీదు.

మర్నాడు గోదాము దగ్గర కాఫీ తాగుతూ ఒకడు కదిపాడు. "ఏం డెల్మర్, ఊరికే జరిగిపోయేదేగా?"

"నోర్ముయ్," అన్నాడు డెల్మర్. "నెలకు ముప్పావు డాలరు. కావాలంటే నీ వంతు కూడా నేనే కడతా. మళ్లీ ఆ కుర్చీలో మాత్రం చస్తే కూర్చోను. ఒక్క పిలుపు రాలేదు, అయినా నా ప్రాణం నా దగ్గర లేదు. ఆ మనిషి ఇన్నేళ్లు ఎట్లా ఉందో నాకర్థం కావట్లేదు."

ఓటింగు గెలిచింది. ఘనంగా ఏం కాదు, గట్టెక్కింది. కానీ మా నార్‌హోమ్ పెట్టెలో వద్దన్న ఓట్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయి. ఆ తర్వాత గది కట్టడానికి, మనుషులకు నేర్పడానికి, పిలుపు ఎక్కణ్నుంచో తెలిసేలా ప్రతి ఇంటికీ నంబరు కొట్టడానికి ఏడాది పైనే పట్టింది. డెల్మర్ తన గోదాముకు నంబరు ఎంత పెద్దగా రాయించాడంటే, విమానంలోంచి కూడా చదువుకోవచ్చు. చివరికి ఒకరోజు ఫోన్ కంపెనీ మనిషి వచ్చి ఎర్ర ఫోనూ మీటా ఊడదీసి సంచిలో వేసుకుపోయాడు.

ఆ శనివారం మేం ముగ్గురం చేపలకని చెరువుకు వెళ్లాం. అన్న పడవలో నేను వందసార్లు ఎక్కుంటాను. వదినకు అదే మొదటిసారి. పడవ మధ్యలోకి వెళ్లాక, నీళ్ల మీదుగా మా ఊరి సైరన్ వినబడింది.

వదిన దిగ్గున లేచి నిలబడింది. పడవ ఒరిగిపోయి నా కాళ్లు తడిశాయి. మునిగిపోతామని నేను కేకేశాను. అన్న గాలం వదిలేసి ఆమె గౌను అంచు పట్టుకున్నాడు.

"కూర్చో ఆర్విల్లా. ఆ కొత్త గదిలో ఎవరో ఫోను తీశారు. అందుకే సైరన్ కూస్తోంది."

ఆమె అలాగే నిలబడి సైరన్ ఆగేదాకా విన్నది. అప్పుడు కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుంది. కళ్లు తుడుచుకుంది. ఆమె ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, నాకూ ఆగలేదు.

"ఎవరు తీసుంటారు?" అంది.

"మనకు తెలీదు. ఎవరో పిల్ల అయ్యుంటుంది," అన్నాడు అన్న.

"ఆ పిల్లకు జీతమిస్తున్నారా?"

"ఇస్తున్నారు. మనం కడుతున్నాంగా."

"బాగా ఇవ్వాలి," అంది వదిన. గాలం అందుకుని నీళ్లలోకి విసిరింది.